ఇటుచూ పిట్టకి కాటుక ఎవరు పెట్టారు

ఒకప్పుడు, ఉత్తరపు కొండల్లో, చిన్న పిట్టలన్నీ ఒకే రంగులో ఉండేవి. బూడిద రంగు. తెల్లారి పొయ్యిలో మిగులుతుందే, అచ్చం ఆ బూడిద. తల బూడిద, రెక్క బూడిద, పొట్ట బూడిద. పాట కూడా అన్నిటికీ ఒకటే. “చిప్” అనేవి. ఆకలేసినా చిప్, భయమేసినా చిప్, సంతోషమొచ్చినా అదే చిప్.

అడవి మాత్రం అలా ఉండేది కాదు. గుగ్గిలం ఆకుది ఒక పచ్చదనం, పనసాకుది ఇంకో పచ్చదనం. మద్దిచెట్టు బెరడు మొసలి వీపులా గరుగ్గా ఉంటే, పక్కనే ఉన్న చెట్టుది అరచేయంత నున్నగా ఉండేది. పిట్టలే పాపం, ఒక్క ముద్దలోంచి గిల్లిన ఉండల్లా ఉండేవి.

దానివల్ల వాటికి పెద్ద ఇబ్బందేమీ లేదు. పొద్దున్నే తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి, వంగిన మద్దికొమ్మ ఒకటుంటే దానిమీద వరసగా కూర్చోబెట్టేవి. దాన్ని పిల్లలకొమ్మ అనేవారు. దుబ్బత్త అనే ముసలి పిట్ట కాపలా ఉండేది. తల్లులు పురుగుల వేటకి పోయేవి. పొద్దువాలాక తిరిగొచ్చి, దగ్గరగా ఏ పిల్ల ఉంటే ఆ పిల్లని వెంటబెట్టుకుని గూటికి పోయేవి. నిన్న వచ్చిన పిల్లే ఇవాళ వచ్చిందా అని ఎవరూ అడిగేవారు కాదు. ఎన్ని గూళ్ళో అన్ని పిల్లలు. లెక్క సరిపోయేది. అందరికీ నిద్రపట్టేది.

ఆ పిట్టల్లో నూగమ్మ అని ఒక తల్లి ఉండేది. దానికి ఒక్కతే కూతురు. పేరు రవ్వ.

రవ్వ అందరికంటే ఆఖరున గుడ్డులోంచి వచ్చింది. ఈకలు ఆలస్యంగా మొలిచాయి. ఎడమ రెక్క కాస్త పొట్టి. ఎగిరితే ఒక పక్కకి ఒరిగిపోయేది. తక్కిన పిల్లలు రేగుపళ్ళలా బొద్దుగా ఉంటే ఇది ఎండిన రేగుపండులా ఉండేది.

సాయంత్రం తల్లులు ముందు బొద్దుపిల్లల్ని ఏరుకునేవి. నూగమ్మ ఎప్పుడూ ఆఖరున వచ్చేది. కొమ్మ మీద ఎప్పుడూ రవ్వే మిగిలి ఉండేది. అలా తల్లికి తన బిడ్డే దొరుకుతూ వచ్చింది.

రవ్వకి ఒక అలవాటుంది. నిద్రపోయే ముందు తల్లి గొంతు కింద ముక్కు దూర్చి, అక్కడి మెత్తటి ఈకని కొరికి పట్టుకునేది. పట్టు వదిలిందంటే నిద్రపోయిందని లెక్క. నూగమ్మకి కొంచెం నొప్పెట్టేది. అయినా కదిలేది కాదు.

ఒకనాడు సాయంత్రం నూగమ్మ పిల్లలకొమ్మకి వచ్చేసరికి, ఎప్పటిలాగే ఒక్క పిల్ల మిగిలి ఉంది. సన్నటి మంచు దిగుతోంది. “పద తల్లీ, పద” అని గూటికి తీసుకుపోయి రెక్క కప్పింది.

ఆ పిల్ల గొంతు కింద ముక్కు దూర్చలేదు. పక్కకి తిరిగి పడుకుని గుర్రుపెట్టింది.

నూగమ్మ ఉలిక్కిపడి దాన్ని ముక్కుతో పొడిచింది.

“ఒసేయ్, లేవే! ఎవరివే నువ్వు?”

పిల్ల ఒక కన్ను తెరిచింది. “వాగవతలి దాన్ని అత్తా. ఆడుకోడానికొచ్చాను. మీ గూడు బాగుంది. మా గూట్లో పుల్లలు గుచ్చుకుంటాయి.”

“మా రవ్వేదే?”

“రవ్వెవరు?” అని ఆవలించి, ఆ పిల్ల మళ్ళీ నిద్రపోయింది.

నూగమ్మ రివ్వున ఎగిరింది. పిల్లలకొమ్మ ఖాళీగా ఉంది. దుబ్బత్త అప్పుడే తన గూటికి బయల్దేరుతోంది.

“దుబ్బత్తా, నా పిల్ల లేదు!”

“లేకపోవడమేమిటే? నేను లెక్క చూశాను. సరిపోయింది.”

“వాగవతలి పిల్లని కలుపుకుని సరిపోయిందత్తా!”

“ఏదో ఒకటి, సరిపోయింది కదా” అంది దుబ్బత్త.

నూగమ్మ కొమ్మకొమ్మకీ తిరుగుతూ “చిప్! చిప్!” అని పిలిచింది. చుట్టూ ఉన్న గూళ్ళన్నిట్లోంచీ “చిప్, చిప్” అని జవాబొచ్చింది. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?

అప్పుడు మంచు మాట్లాడింది. మంచు ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. చెవి దగ్గరికొచ్చి చల్లగా గొణుగుతుంది. “నూగమ్మా, కింద ఎండుటాకుల్లో నన్ను కప్పుకుని ఎవరో వణుకుతున్నారు. నేను అందర్నీ కప్పుతాను గానీ, ఎవరికీ వెచ్చదనం ఇవ్వలేను కదా. త్వరగా పో.”

రవ్వ కొమ్మ మీంచి జారి, చెట్టు మొదట్లో ఆకుల మధ్య పడి ఉంది. కాళ్ళు కొయ్యబారిపోయాయి. నూగమ్మ దానిమీద కూర్చుని, రెక్కలు రెండూ దించి, పొట్ట వేడి దానికి పెట్టింది. చాలాసేపటికి రవ్వ కదిలింది.

“అమ్మా, నేను చిప్ అన్నాను. చాలాసార్లు అన్నాను.”

“విన్నానే తల్లీ. అందరూ అన్నారు. అందులో ఏది నీదో నాకు తెలీలేదు.”

ఆ మాట అన్నాక నూగమ్మకి తన నోట తనకే చేదుగా అనిపించింది. ఏ తల్లయినా అనవలసిన మాటేనా అది?

పొద్దున్నే వాగవతలి తల్లి ఏడ్చుకుంటూ వచ్చి తన పిల్లని తీసుకుపోయింది. నూగమ్మ మిగతా తల్లులందరితో గట్టిగా చెప్పింది. “ఇక ఇలా కాదు. ఎవరి పిల్లకి వాళ్ళు ఒక గుర్తు పెట్టుకోవాలి.”

తల్లులన్నీ పకపకా నవ్వాయి. దుబ్బత్త అయితే నవ్వి నవ్వి కొమ్మ మీంచి జారబోయింది.

“పిల్లకి గుర్తేమిటే, పిల్ల పిల్లే! ఏ పిల్లకి పురుగు పెట్టినా కడుపు నిండుతుంది. నేను పెంచినవాటిల్లో నావెన్నో నాకే తెలీదు. అన్నీ బతికాయి.”

“బొద్దువి బతికాయత్తా. రవ్వ లాంటిది కింద పడితే ఎవరు వెతుకుతారు? మీ లెక్క సరిపోతే మీరు నిద్రపోతారు. పుష్యం వస్తోంది. పుష్యమాసపు మంచులో నేలమీద పడ్డ పిల్ల మళ్ళీ లేవదు.”

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. కానీ ఎవరూ గుర్తూ పెట్టలేదు.

నూగమ్మ ఒక్కతే ప్రయత్నం మొదలుపెట్టింది. మోదుగు పువ్వులు పూసే కాలం కాదు కాబట్టి, ఏదో ఎర్ర పువ్వు రెక్కొకటి తెచ్చి రవ్వ నెత్తిన అంటించింది. ఈదురుగాలి వచ్చి ఊదేసింది.

“ఎందుకు ఊదావు?” అని నూగమ్మ కోప్పడింది.

“నేను ఊదకపోతే గాలినెలా అవుతాను?” అంది ఈదురుగాలి. “అయినా ఆ పువ్వు దానికి నప్పలేదు.”

తర్వాత గడ్డిపోచ తెచ్చి కాలికి కట్టింది. అది కొమ్మకి చిక్కుకుని, రవ్వ తలకిందులుగా వేలాడింది. తుమ్మజిగురు పూసింది. దానికి చీమలు పట్టాయి. రవ్వ గోక్కుని గోక్కుని, “అమ్మా, నేను గుర్తు లేకుండానే ఉంటాలే” అంది.

“నోర్ముయ్” అంది నూగమ్మ.

అడవి అంచున ఒక గుడిసె ఉంది. అందులో గున్నమ్మ అనే ముసలమ్మ, కోడలు దాలమ్మ, పుట్టి నెల దాటని మనవడు ఉండేవారు. దాలమ్మ మొగుడు కొండమీద చోడిచేను కాపలాకి పోయి, కోత అయితే గానీ దిగడు. ఇంటి ముందు ఎప్పుడూ చోళ్ళ గింజలు రాలి ఉండేవి. నూగమ్మ వాటికోసం అప్పుడప్పుడూ వచ్చేది.

ఆ రోజు పొద్దు కాస్త ఎక్కాక వచ్చింది. వాకిట్లో గున్నమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, వాటిమీద మనవణ్ణి పడుకోబెట్టి స్నానం చేయిస్తోంది. శనగపిండీ బియ్యప్పిండీ కలిపి ఒళ్ళంతా నలుగు పెట్టింది. వేడినీళ్ళు పోసింది. వాడు ఊరంతా వినబడేలా ఏడ్చాడు. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టింది. తర్వాత పక్కనున్న కొబ్బరిచిప్పలో వేలు ముంచింది.

“ఇటు చూడు నాయనా, ఇటు చూడు. ఇటు చూ, ఇటు చూ…”

వాడు ఏడుపాపి ఇటు చూశాడు. ఠక్కున బుగ్గమీద నల్లటి చుక్క పెట్టేసింది.

నూగమ్మ చోళ్ళు తినడం మర్చిపోయింది. ఎగిరొచ్చి ముసలమ్మ పాదం దగ్గర వాలింది.

“అవ్వా, అవ్వా! మీక్కూడా పిల్లలు కలిసిపోతారా?”

“ఏటే పిట్టా, ఏటి కలిసిపోయేది?”

“మరి గుర్తు పెట్టావుగా! సాయంత్రం మీ పిల్లాణ్ణి గుర్తుపట్టడానికే కదా ఆ చుక్క?”

గున్నమ్మకి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. “ఒలే దాలమ్మా, ఇన్నావా! దిష్టిచుక్కని పట్టుకుని ఈ పిట్ట గుర్తంటంది!”

దాలమ్మ లోపల్నుంచి, “నీ మనవణ్ణి గుర్తుపట్టడానికి సుక్కెందుకత్తా, ఆ గొంతు సాలు” అంది.

“గుర్తుకి కాదే పిచ్చిదానా” అని గున్నమ్మ పిట్టకి చెప్పింది. “దిష్టి తగలకుండా. దారిన పోయేవాళ్ళు సూసి, అబ్బ, గుంటడెంత బాగున్నాడో అనుకుంటారు. ఆళ్ళ కళ్ళు పడితే ఈడికి నలత సేస్తాది. అందుకని బుగ్గన ఓ నల్లసుక్క. అందంలో ఓ లోటు పెడతామన్నమాట.”

నూగమ్మ ఆ చుక్కనే చూసింది. తర్వాత మెల్లగా అంది.

“అయితే మా రవ్వకి అక్కర్లేదు అవ్వా. దానికి లోటుంది. ఒక రెక్క పొట్టి. దాన్ని ఎవరూ బాగుందని అనరు. అసలు దానిమీద ఎవరి కళ్ళూ పడవు. నా కళ్ళకే అది దొరకట్లేదు.”

గున్నమ్మ నవ్వు ఆగిపోయింది. మనవడి పొట్టమీద చెయ్యి వేసి, పిట్టవైపు చూసింది. నూగమ్మ తన కథంతా చెప్పింది. వాగవతలి పిల్ల సంగతి, ఎండుటాకుల సంగతి, పుష్యమాసపు మంచు సంగతి.

“సరే, తీసుకురా దాన్ని” అంది గున్నమ్మ.

“మరి దిష్టి తగిలే పిల్లలకే కదా అవ్వా చుక్క?”

“ఎవులూ సూడని పిల్లకి పెట్టకూడదని ఎవుడన్నాడే? తీసుకురమ్మంటంటే!”

దాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. “అత్తా, బాబుకి పట్టిన కాటుక పిట్టకి పెడతావా?”

“ఆముదం నాను పోసినాను, దీపం నాను ఎలిగించినాను, మూకుడు బోర్లించి మసి నాను పట్టినాను, ఎన్నపూసేసి నాను నూరినాను. నువ్వు నిద్రపోయినావు. నా కాటుక నా ఇష్టం.”

“నువ్వొక మాటనుకుంటే ఇంక ఎవురి మాటింటావు” అని దాలమ్మ లోపలికి పోయింది. వెంటనే చాటెడు చోళ్ళు తెచ్చి పిట్ట ముందు పోసి పోయింది.

రవ్వని తీసుకురావడం చిన్న పని కాదు. కొమ్మ నుంచి కొమ్మకి ఎగురుతూ, ఒరిగిపోతూ, ఆగి ఆయాసపడుతూ వచ్చింది. ఎండ చల్లబడేసరికి గుడిసె ముందు పొద మీద వాలింది. ముసలమ్మ మునివేళ్ళతో దాన్ని అరచేతిలోకి తీసుకుంది. గుప్పెట్లో రవ్వ గుండె టపటపా కొట్టుకుంది.

“ఎంత తేలికగుందే ఈ గుంట! ఊదితే పోయేలాగుంది. ఇటు చూడు అమ్మా. ఇటు చూ, ఇటు చూ…”

రవ్వ ఇటు చూడలేదు. తనతో ఎవరైనా అలా మాట్లాడడం అది ఎప్పుడూ వినలేదు. సిగ్గేసి తల వంచేసింది. గున్నమ్మకి కళ్ళు సరిగ్గా ఆనవు. బుగ్గకి పెట్టబోయిన కాటుక వెళ్ళి నెత్తికంటింది. పిట్ట నెత్తి ఎంత, వేలెంత! తుడవబోతే మరింత పాకింది. నెత్తంతా, మెడంతా, గొంతు దాకా నల్లబడింది. బుగ్గలు కూడా మసిబారాయి.

“ఓలమ్మో! బొట్టు పెట్టమంటే బొగ్గులో ముంచినట్టయింది!” అని గున్నమ్మ కంగారుపడి, బొటనవేలితో ఆ బుగ్గా ఈ బుగ్గా గట్టిగా రుద్దింది. పొద్దున్నే మనవడికి నలుగు పెట్టిన చెయ్యి అది. గోటి సందుల్లో బియ్యప్పిండి ఇంకా ఉంది. బుగ్గల మీద నలుపు పోయి తెలుపొచ్చింది. రెండు బుగ్గలూ రెండు బియ్యపు గింజల్లా తెల్లగా మెరిశాయి.

ముసలమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“అంత సెడిపోలేదులే” అంది. “బాగుంది కూడాను. ఒలే, ఇప్పుడు దీనికి దిష్టి తగుల్తాదే!”

రవ్వ తల ఎత్తింది. బాగుందని అన్నది తననేనా? అది ఒక బుగ్గ ఇటు తిప్పి చూపించింది. మళ్ళీ రెండో బుగ్గ తిప్పి చూపించింది. ముసలమ్మ ముద్దు పెట్టుకుంది.

“ఇనవే పిట్టా” అని నూగమ్మతో చెప్పింది గున్నమ్మ. “నా కాటుక వానకి పోదు. వాగులో ముంచినా పోదు. ఏడిస్తే మాత్రం కారతాది. అందుకని దీన్ని ఏడిపించకు.”

“ఏడిపించనవ్వా” అంది నూగమ్మ.

మర్నాడు పిల్లలకొమ్మ మీద గోలే గోల. పిల్లలన్నీ రవ్వ చుట్టూ మూగాయి. “నెత్తిన మూకుడు బోర్లించుకున్నావా?” అంది ఒకటి. “పాలు తాగి మూతి తుడుచుకోలేదు” అంది ఇంకొకటి. రవ్వ మాత్రం ఒక బుగ్గ, తర్వాత ఇంకో బుగ్గ చూపిస్తూ కూర్చుంది.

దుబ్బత్త నూగమ్మని పక్కకి పిలిచింది. ఈసారి నవ్వలేదు.

“ఒక మాట అడుగుతాను నూగమ్మా. ఇన్నాళ్ళూ నువ్వు రాకపోతే ఎవరో ఒకరు దీన్ని తీసుకుపోయేవారు. ఇప్పుడు దీన్ని చూస్తే ఇది నూగమ్మ పిల్ల అని అందరికీ తెలిసిపోతుంది. ఎవరూ ముట్టుకోరు. నువ్వు రాలేని రోజున దీని గతేమిటి?”

నూగమ్మ రవ్వవైపు చూసింది. “వస్తాను” అని మాత్రం అంది.

పుష్యం వచ్చింది. మంచు ఒక మధ్యాహ్నం పూటే దిగడం మొదలుపెట్టింది. ముందు లోయ నిండింది. తర్వాత చెట్ల మొదళ్ళు మాయమయ్యాయి. తర్వాత కొమ్మలు. పక్క చెట్టుకి ఈ చెట్టు కనపడలేదు. వేటకి పోయిన తల్లులు పడుతూ లేస్తూ వచ్చి, చేతికందిన పిల్లనల్లా పట్టుకుని పోయాయి.

ఒక తల్లి తొందరలో రవ్వ దగ్గరికి వచ్చింది. నల్లతల చూసింది. “అయ్యో, నువ్వు నూగమ్మ పిల్లవి కదూ. మీ అమ్మ వస్తుందిలే” అని పక్కపిల్లని తీసుకుపోయింది. ఇంకో తల్లీ అంతే. దుబ్బత్త చాలాసేపు కూర్చుంది. చివరికి రెక్కలు తడిసి బిగుసుకుపోతుంటే, “నాతో రావే రవ్వా” అంది.

“మా అమ్మ ఇక్కడికే వస్తుంది” అంది రవ్వ. “నేను లేకపోతే వెతుక్కుంటుంది.”

దుబ్బత్త నిట్టూర్చి, తన గూడున్న పక్కచెట్టుకి పోయింది.

నూగమ్మ ఎక్కడుంది? ఈదురుగాలి దాన్ని ఎత్తుకుపోయి కొండ అవతలి వాలులో పడేసింది. నూగమ్మ ముక్కులో గొంగళి పురుగు ఇంకా ఉంది. పైకి ఎగిరితే తెలుపు. కిందికి దిగినా తెలుపే. చెట్టనుకుని వాలబోతే అక్కడ చెట్టు లేదు.

“ఓ మంచూ, నా పిల్ల ఎక్కడుంది? ఆ రోజు చెప్పావుగా, ఇవాళా చెప్పు!”

“ఆ రోజు నేను సన్నగా ఉన్నాను, నాకే కనబడింది. ఇవాళ ఎంత దట్టంగా ఉన్నానంటే నా చెయ్యి నాకే కనపడట్లేదు” అని మంచు గొణిగింది. “కళ్ళన్నీ కప్పేశాను నూగమ్మా. కానీ చెవుల్ని కప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. విను.”

నూగమ్మ విన్నది. నలువైపులా గూళ్ళలోంచి “చిప్, చిప్, చిప్.” ఒక్కటే గొంతు. ఎటు పోవాలి?

కొమ్మ మీద రవ్వ ఒక్కతే ఉంది. చలికి కాళ్ళు కొయ్యబారడం మళ్ళీ మొదలైంది. “చిప్” అంది. అడవి అంతా “చిప్” అంది. అమ్మకి ఇందులో నాది తెలీదు అనుకుంది. ఆ రోజులాగే అమ్మ ఇంకెవర్నో వెంటబెట్టుకుని పోయిందేమో అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది.

ఏడిస్తే కాటుక కారింది. గొంతు మీదనుంచి, రొమ్ము మీదనుంచి, పొట్ట మధ్యగా, నల్లటి చారలా కిందికి జారింది. రవ్వ తల వంచి అది చూసుకుంది. గుర్తు కూడా కరిగిపోతోందే!

ఆ గుర్తు పెట్టిన రోజు గుర్తుకొచ్చింది. దాంతో పాటు ముసలమ్మ అరచెయ్యి గుర్తుకొచ్చింది. ఆ వెచ్చదనం, ఆ సాంబ్రాణి వాసన, ఆ మాట. తనని చూడాలనుకున్నప్పుడు ఆ ముసలమ్మ ఏమంది? చిప్ అనలేదు.

రవ్వ గొంతు సవరించుకుంది. మొదటిసారి సరిగ్గా రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

“ఇటుచూ… ఇటుచూ… ఇటుచూ!”

అడవిలో చిప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇదేమిటి, ఎవరిది ఈ గొంతు?

కొండవాలులో నూగమ్మ తల తిప్పింది. ముక్కులోంచి పురుగు జారిపోయింది. ఆ మాట దానికి తెలుసు. ఆ మాట ముసలమ్మ అరచేతిలో తన పిల్ల ఉన్నప్పుడు విన్నది.

“ఇటుచూ, ఇటుచూ!”

నూగమ్మ కళ్ళు మూసుకుంది. చూసేందుకు ఏమీ లేదు మరి. ఆ గొంతు పట్టుకుని, పైకి, ఇంకా పైకి, కొండమీదుగా ఎగిరింది. రవ్వ ఆగకుండా పిలుస్తూనే ఉంది. గొంతు దగ్గరయ్యాక నూగమ్మ కళ్ళు తెరిచింది. అంత తెలుపులో ఒకే ఒక్క నల్లచుక్క.

“రవ్వా!”

“అమ్మా, ఈసారి నాది తెలిసిందా?”

నూగమ్మ కొమ్మ మీద వాలింది. పిల్లని రొమ్ముకి అదిమి పట్టుకుంది. తడి కాటుక తల్లి గొంతుకీ, రొమ్ముకీ, పొట్టకీ అంటుకుంది. తలకి తల ఆనించి ఏడిస్తే తలకీ అంటింది. రవ్వ గొంతు కింద ముక్కు దూర్చి, ఆ మెత్తటి ఈకని కొరికి పట్టుకుంది. ఇక వదల్లేదు. నిద్రపోయినా వదల్లేదు.

మంచు విడిచిన రోజు పొద్దున్నే తల్లీకూతుళ్ళు గున్నమ్మ గుడిసెకి పోయారు. ముసలమ్మ మనవడికి నలుగు పెడుతోంది. ఇద్దర్నీ చూసి గడ్డం పట్టుకుంది.

“ఏడిపించొద్దన్నానా! ఏటే ఈ నల్ల సార?”

“అది మంచి ఏడుపే అవ్వా” అంది నూగమ్మ. “బుగ్గలు మాత్రం మాసిపోయాయి.”

గున్నమ్మ పిండిచేత్తో ముందు కూతురి బుగ్గలు, తర్వాత తల్లి బుగ్గలు తుడిచింది.

ఆ కబురు అడవంతా పాకింది. మర్నాటికి వాకిటి నిండా తల్లులే. వాగవతలి తల్లి అందరికంటే ముందు నిలబడింది. దాని పిల్లకి పసుపు రాసింది గున్నమ్మ. ఒకదానికి ఎర్రమట్టి అద్దింది. ఇంకొకదానికి నీలిమందు. “నా ఇల్లేటి, రంగుల సంతా?” అని అరుస్తూనే ఒక్కదాన్నీ వట్టిగా పంపలేదు. రంగు పెట్టిన ప్రతి పిల్లకీ ఏదో ఒక మాట చెప్పింది. ఏ పిల్ల ఏ మాట విన్నదో అదే దాని పాటయింది.

దుబ్బత్త మాత్రం రాలేదు. “మాకు ఏ పిల్లయినా ఒకటేనమ్మా. అందరం కలిసి అందర్నీ చూస్తాం” అంది. దాని మాటకి కట్టుబడ్డ పిట్టలు ఇప్పటికీ బూడిద రంగులోనే, గుంపుగా తిరుగుతూ, ఎవరి పిల్లకైనా పురుగు పెడతాయి. ఒక్క మార్పు వచ్చింది. చీకటి పడేముందు గుంపంతా ఒకసారి నేలమీదికి దిగి, ఎండుటాకులన్నీ తిరగేసి చూస్తాయి. కింద ఏ పిల్లయినా పడి ఉందేమోనని.

రవ్వకి మరుసటి ఏడాది పిల్లలు పుట్టాయి. ఎవరూ కాటుక పెట్టకుండానే నల్లతలలతో పుట్టాయి. రెక్కలు మాత్రం రెండూ సమానంగా ఉన్నాయి.

అప్పటినుంచే ఆ పిట్టకి తల నలుపు, బుగ్గలు తెలుపు, గొంతు నుంచి పొట్ట దాకా కారిన కాటుక చార. అప్పటినుంచే అది “ఇటుచూ, ఇటుచూ” అని పిలుస్తుంది. పిలిచినప్పుడు మీరు తలెత్తి చూశారనుకోండి, ముందు ఒక బుగ్గ చూపిస్తుంది. మీరు ఇంకా చూస్తూనే ఉంటే, తల తిప్పి రెండో బుగ్గ కూడా చూపిస్తుంది.